తంజావూరులో ఒక తాటాకు

తంజావూరు వెళ్ళే యాత్రికులలో చాలామంది బృహదీశ్వరాలయ విమానాన్ని కన్నులారా చూసుకుని తిరుగుముఖం పడతారు. నేను మాత్రం ఆ ఉదయం స్వామికి నమస్కరించి, పాత రాజప్రాసాదం వైపు నడిచాను. ఆ ప్రాసాదపు ఆవరణలోనే సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉన్నది. ఆంగ్ల సాహిత్యం చదువుకుని, ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు పుస్తకాలను తెలుగు చేస్తూ జీవిస్తున్న నాకు అక్కడ చూడవలసినది ఒక్కటే అనిపించేది: రెండవ శరభోజీ మహారాజు ఇంగ్లీషులో సంతకం చేసి దాచుకున్న ఐరోపా గ్రంథాలు.

శరభోజీ 1798లో సింహాసనమెక్కాడు. మరుసటి ఏడే రాజ్యపాలన ఈస్టిండియా కంపెనీ వశమైంది. ఆయనకు కోట, భరణం, రాజబిరుదం మాత్రమే మిగిలాయి. సైన్యాలు లేని ఆ రాజు పుస్తకాలు సేకరించాడు. బాల్యంలో ష్వార్ట్జ్ అనే జర్మన్ మతబోధకుని వద్ద విద్య నేర్చినవాడు కనుక ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్ గ్రంథాలను వేల సంఖ్యలో తెప్పించాడు. కాశీయాత్రకు వెళ్ళినప్పుడు కూడా వ్రాతప్రతులను సంపాదించి వెంట తెచ్చుకున్నాడు. 1832లో మరణించేదాకా ఆయనకు ఈ వ్యసనం తీరలేదు.

అయితే ఈ భాండాగారానికి మొదటి పునాది ఆయన వేసినది కాదు. 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన నాయకరాజుల ఆస్థానభాష తెలుగు. రఘునాథ నాయకుడు, ఆయన కుమారుడు విజయరాఘవుడు స్వయంగా తెలుగు కవులు. ఆ సభలో రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ వంటి విదుషీమణులు కావ్యాలు రచించారు. 1673లో విజయరాఘవుడు యుద్ధంలో మరణించాడు. కొద్ది సంవత్సరాలకే మహారాష్ట్రులు వచ్చారు. రాజవంశం మారినా తాటాకుల మీద గంటం ఆగలేదు. ఇంటిభాష మరాఠీ అయిన శాహజీ మహారాజు తెలుగులో యక్షగానాలు వ్రాశాడు. తమిళదేశంలో, మరాఠీ రాజుల నీడలో మన యక్షగానం రెండవ పుట్టిల్లు కట్టుకున్నది!

1855లో శరభోజీ కుమారుడు పుత్రసంతానం లేకుండా కన్నుమూయడంతో సంస్థానమూ అంతరించింది. గ్రంథాలు మాత్రం నిలిచాయి. బర్నెల్ అనే ఆంగ్లేయ న్యాయాధికారి సంస్కృత ప్రతులన్నిటినీ పరిశీలించి 1880లో సూచిక ప్రకటించాడు. 1918లో గ్రంథాలయం ప్రజలకు తెరువబడింది. నేడక్కడ 40 వేలకు పైగా వ్రాతప్రతులున్నాయి. అధికభాగం సంస్కృతం, తమిళం, మరాఠీ, తెలుగు తరువాతివి.

సందర్శకుల కోసం ఏర్పరచిన ప్రదర్శనశాలలో తిరుగుతున్నాను. మనుష్యుల ముఖాలను జంతువుల ముఖాలతో పోల్చి ఫ్రెంచి చిత్రకారుడు ల బ్రన్ వేసిన బొమ్మల వద్ద జనం మూగి నవ్వుకుంటున్నారు. కొంచెం ఎడంగా, అద్దాల పెట్టెలో ఒక తాటాకు. దాని ముందు ఒక వృద్ధుడు, పదేళ్ళ మనుమరాలు నిలబడి ఉన్నారు.

“తాతా, ఇది మన భాషేనా?” అన్నది పిల్ల తెలుగులో.

ఆయన నావైపు తిరిగి, “అయ్యా, మీకు చదవ వస్తుందా? మేము ఇంట్లో తెలుగే మాట్లాడతాము. అక్షరాలు మాత్రం మా తాతగారి కాలంతోనే పోయినాయి. చదువంతా అరవమే,” అన్నాడు.

తెలుగువాణ్ణి, పైగా అనువాదకుణ్ణి. ధీమాగా వంగి చూశాను. తాటాకు మీద మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. అక్షరాలన్నీ బారులు తీరిన చీమల్లా సాగిపోతాయి. నేను ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతూ, పదాలను తప్పుగా విరిచి, ఆగిపోయాను. సిగ్గనిపించింది.

“ఇంకొకసారి చదవండి,” అన్నాడాయన కళ్ళు మూసుకుని. చదివాను. చటుక్కున నా చేయి పట్టుకున్నాడు. “‘అంపినాడు’! ఎవరినో అంపినాడు అంటున్నారు. మేము ఇంట్లో ఇట్లానే అంటాము.”

అది ‘పంపినాడు’ అన్న మాటే. నాకు అలవాటైన అచ్చు తెలుగులో వినబడని ఆ రూపం, అక్షరం ముక్క రాని ఆయన ఇంట ఇంకా బ్రతికి ఉన్నది. అటుపైన నేను అక్షరాలు పలకడం, ఆయన మాటలు విడదీయడం. అలా ఇద్దరమూ కలిసి ఒక పంక్తి పూర్తిచేసేసరికి పావుగంట పట్టింది.

నా చేతి పుస్తకంలో నుండి ఒక కాగితం చించి ఆ పిల్లకు ఇచ్చాను. ‘అంపినాడు’ అని పెద్ద అక్షరాలతో వ్రాసి చూపితే, దాని క్రింద తానూ వ్రాసింది. సున్న మరచిపోయి, మళ్ళీ చేర్చింది. తాతగారు ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

శరభోజీ సంతకం చూడాలన్న సంగతి నాకు తిరుగు బండిలో కూర్చున్నాక గుర్తుకు వచ్చింది.