దారి తప్పిన ధ్వని

పశ్చిమ ప్రకాశంలో వెలిగొండల చేరువన ఉన్న చంద్రశేఖరపురాన్ని చుట్టుపక్కలవారు సి.యస్.పురం అనే పిలుస్తారు. బయటి ప్రాంతాలవారికి ఈ మండలం భైరవకోన వల్ల పరిచితం. అక్కడ కొండను తొలిచి శివునికి ఎనిమిది గుహాలయాలను మలిచారు. యాత్రికులు వాటిని దర్శించి, జలపాతాన్ని చూసి వెళ్ళిపోతారు. ఊరివారి బతుకు మాత్రం వానను నమ్ముకున్న మెట్టపొలాలతో ముడిపడి ఉంటుంది. వాన ముఖం చాటేసిన ఏట యువకులు హైదరాబాదుకో బెంగళూరుకో బయలుదేరుతారు. అలా వెళ్ళిన బిడ్డకూ, ఇంటి దగ్గర మిగిలిన తల్లికీ నడుమ నిత్యం తెరిచి ఉండే దారి ఒక్కటే, చేతిలో ఇమిడే సెల్‌ఫోను. ఆ దారి మూడు రోజులపాటు మూసుకుపోయిన ఒక ఇంటి సంగతి ఇది.

ఆ ఇంట్లో ఉండేది డెబ్బయ్యేళ్ళు దాటిన ఒక అవ్వ. కొడుకు బెంగళూరులో ఉద్యోగి. ప్రతి రాత్రి ఎనిమిది గంటలకు అతడు తల్లికి ఫోను చేస్తాడు. సంక్రాంతి సెలవుల చివరి శనివారం రాత్రి ఆ సంభాషణ సజావుగా ముగియలేదు. రెండెకరాల మెట్టను అమ్మేసి తన దగ్గరికి వచ్చేయమని కొడుకు అన్నాడు. భర్త దున్నిన నేలను తాను బతికుండగా పరాధీనం చేయనని తల్లి అన్నది. మాట పెరిగింది. ఎవరు ముందుగా ఫోను పెట్టేశారో ఇద్దరికీ గుర్తులేదు.

మరునాడు ఎనిమిది గంటలకు ఫోను మోగింది. అవ్వ ఆత్రంగా అందుకున్నది. తెరపై కొడుకు బొమ్మ కనిపిస్తున్నది, క్షణాలను లెక్కించే అంకెలు కదులుతున్నాయి, మాట మాత్రం రాలేదు. "నాయనా, వినబడతా ఉందా?" అని నాలుగుసార్లు అడిగింది. జవాబు లేదు. కాసేపటికి అంకెలు ఆగిపోయాయి. కొడుకు అలిగి నోరు విప్పలేదని ఆమె అనుకున్నది. అక్కడ బెంగళూరులో కొడుకు కూడా సరిగ్గా అదే అనుకున్నాడు. తానెంత పిలిచినా అమ్మ పలకలేదు కనుక ఆమె కోపం ఇంకా చల్లారలేదని తలచి, సోమవారం రాత్రి ఫోను చేయడం మానుకున్నాడు. మౌనానికి అర్థం చెప్పుకోవడంలో మనుషులకున్న తొందర ఇంతా అంతా కాదు. మాట వినబడకపోతే చెవిని శంకించరు, యంత్రాన్ని శంకించరు, ముందు ఎదుటివారి మనసునే శంకిస్తారు.

సోమవారం ఉదయం ఆమె ఎప్పటిలాగా ఫోనులో అన్నమయ్య కీర్తన పెట్టుకున్నది. బొమ్మ కదిలింది, పాట రాలేదు. అప్పుడుగాని ఆమెకు ఫోనుపై అనుమానం కలగలేదు. బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే కుర్రవాడికి చూపించబోయింది. చేతి నిండా పని ఉన్న అతడు ఫోను తాకకుండానే, "స్పీకరు పోయి ఉంటుందమ్మా, విప్పి చూడాలి, రెండు రోజులు ఉంచి వెళ్ళు" అన్నాడు. ఆ రెండు రోజుల్లో కొడుకు ఫోను చేస్తే? ఆమె ఫోనును కొంగున ముడివేసుకొని ఇంటికి తిరిగి వచ్చింది.

మంగళవారం సాయంత్రం పక్కవీధిలోని విశ్రాంత ఉపాధ్యాయునితో ఆమె ఈ గోడు చెప్పుకున్నది. ఆయన యంత్రశాస్త్రం చదివినవాడు కాడు. అయితే ఒకప్పుడు తర్కం చదువుకున్నాడు. అందువల్ల ఫోనును చేతికి తీసుకోకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పెద్దమ్మా, ఆదివారం రాత్రి గంట మోగిందా?"

"మోగింది అయ్యవారూ."

"మాట రాలేదు. పాట?"

"అదీ రాలేదు. కాకపోతే పాట సంగతి సోమవారం పొద్దున."

గంట మోగిందంటే ఫోను పూర్తిగా మూగబోలేదన్నమాట. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. సాధారణంగా ఈ ఫోన్లలో శబ్దం వెలువడే చోట్లు రెండుంటాయి. చెవి దగ్గర పెట్టుకొన్నప్పుడు మాట వినిపించేది పైభాగంలోని చిన్న స్పీకరు. గంటనూ పాటనూ వినిపించేది కిందనున్న పెద్ద స్పీకరు. గంట పలికిన నోరే పాటనూ పలకాలి. గంట వచ్చి పాట రాలేదంటే చెడినది నోరు కాదు. ఉపాధ్యాయుడు కీర్తనను మళ్ళీ పెట్టించి, ఫోను పక్కనున్న మీటను నొక్కాడు. తెరపై సున్నా దగ్గర ఉన్న గీత మెల్లగా పైకి జరిగింది. గొంతు సవరించుకున్నట్లుగా కీర్తన వినవచ్చింది.

ఆ తర్వాత ఆయన తన ఫోను నుంచి ఆమెకు పిలుపు పంపాడు. గంట మోగింది, ఆమె ఎత్తింది, మాట స్పష్టంగా వినబడింది! అవ్వ నిర్ఘాంతపోయింది. ఏ మరమ్మతూ లేకుండా మాట తిరిగి వచ్చిందంటే, ఆదివారం రాత్రి ఉండి ఇప్పుడు లేనిదేదో ఒకటి ఉన్నదని ఆయన ఊహించాడు.

మన తార్కికులు దీనినే అన్వయ వ్యతిరేకాలన్నారు. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతిని వంటయిల్లు, మడుగు అనే రెండు ఉదాహరణలతో వివరించాడు. పొగ ఉన్న వంటయింట్లో నిప్పున్నది, నిప్పు లేని మడుగులో పొగా లేదు. ఏది ఉంటే కీడు కలుగుతున్నదో, ఏది లేకపోతే కీడు తొలగుతున్నదో చూడటమే కారణాన్ని పట్టుకొనే ఉపాయం. గురుకులాల్లో శిష్యులు వల్లించిన ఈ సూత్రం సెల్‌ఫోనుకు పనికివస్తుందని ఆ పండితుడు కలగని ఉండడు.

"ఆదివారం ఇంట్లో ఎవరున్నారు?" అని అడిగాడు ఉపాధ్యాయుడు. కనిగిరిలో ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమడు ఆ రోజు నాలుగు గంటల బస్సుకు వెళ్ళాడు. వసతిగృహంలో ఫోను ఉండనివ్వరు గనుక సెలవుల్లో పాఠాలన్నీ అవ్వ ఫోనులోనే, తీగ లేని ఇయర్‌బడ్లు చెవిలో పెట్టుకొని విన్నాడు. ఫోను అమరికలను తెరిచి చూస్తే, జతపరచిన పరికరాల పట్టికలో వాటి పేరు ఉన్నది. ట్రంకుపెట్టెలోని చిన్న డబ్బాను తీస్తే అందులో ఒకటే కనిపించింది. రెండవది కొయ్యకు తగిలించిన చొక్కా జేబులో దొరికింది.

అసలు జరిగినది అప్పుడు తేటపడింది. ఆదివారం రాత్రి జేబులోని ఆ ఇయర్‌బడ్‌లో ఇంకా ఛార్జి ఉన్నది. అది ఫోనుతో అనుసంధానమై ఉన్నందున కొడుకు మాట అవ్వ చెవికి కాక జేబుకు చేరింది. అంతేకాదు, అటువంటి వేళ ఫోను మన మాటను కూడా ఆ పరికరంలోని మైకు ద్వారానే స్వీకరిస్తుంది. పక్కగదిలో గుడ్డ మడతల మధ్యనున్న మైకుకు అవ్వ పిలుపు అందలేదు. అందుకే ఇరువైపులా మౌనం. తెల్లవారేసరికి ఛార్జి అయిపోయి బంధం తెగింది. మాట దారి దానంతట అదే సరిపడింది. ఐతే అప్పటికి పరీక్షించే సాహసం ఎవరూ చేయలేదు!

మరి కీర్తన ఎందుకు మూగబోయింది? ఫోను ఒక్కొక్క పరికరానికి ఒక్కొక్క ధ్వనిస్థాయిని గుర్తుపెట్టుకుంటుంది. మనుమడు అవ్వ నిద్ర చెడకూడదని సెలవుల మొదట్లో ఫోను స్పీకరును సున్నాకు దించి, ఆపైన ఇయర్‌బడ్లు వాడుకున్నాడు. వాటి బంధం తెగగానే ఫోను పాత సున్నాకు విధేయంగా తిరిగి వచ్చింది. గంట, మాట, పాట, అలారం ఒక్కొక్కటీ వేరు వేరు స్థాయిలు కలవి కాబట్టి గంట మాత్రం మోగింది. రెండు కారణాలు వేరువేరు రోజుల్లో కలిగి ఒకే రోగంలా కనిపించాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ తీగలేని బంధానికి బ్లూటూత్ అని పేరు. 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థ దీనికి పునాది వేసింది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐ.బి.ఎం., తోషిబా ఒక కూటమిగా ఏర్పడ్డాయి. పదవ శతాబ్దిలో డెన్మార్కును ఏకంచేసిన హరాల్డ్ అనే రాజు బిరుదుకు నీలిపన్ను అని అర్థం. విడివిడి యంత్రాలను కలిపే విద్యకు ఆయన పేరు పెట్టడం ఎవరికి తోచిందో గాని, చక్కని ఊహ. ఇళ్ళలో వాడే పరికరాల మధ్య ఈ బంధం మామూలుగా పది మీటర్ల వరకు నిలుస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోని 79 మార్గాల నడుమ సెకనుకు 1600 సార్లు గెంతుతూ సంకేతం ప్రయాణిస్తుందంటే ఆశ్చర్యమే. అంతటి చురుకైన విద్యకు తన మాట జేబులోకి పోతున్నదో చెవిలోకి పోతున్నదో తెలియదు.

బంధం తెగినప్పుడు కలిగే మౌనమంతా లోపం కాదు. పాట వింటుండగా ఇయర్‌బడ్లు విడిపోతే ఫోను ఆ పాటను ఆపివేస్తుంది. ఏకాంతంగా వింటున్నది నలుగురిలో బయటపడకూడదనే మర్యాద అది. మళ్ళీ నొక్కితే స్పీకరులో వస్తుంది. రాకపోతే ముందు బ్లూటూత్‌ను ఆపి చూడాలి. పాట నడుస్తుండగా ఒకసారి, పిలుపు నడుస్తుండగా మరొకసారి ధ్వనిస్థాయిని పెంచి చూడాలి. పాత పరికరం పేరు ఎదుట పిలుపులకూ పాటలకూ వేరువేరు మీటలుంటాయి, వాటిలో ఒకటి మాత్రమే ఆరిపోయి ఉండవచ్చు. తీగ గుచ్చే రంధ్రమున్న ఫోనులో ధూళి గాని తడి గాని చేరితే, తీగ లేకపోయినా ఉన్నట్లు ఫోను భ్రమిస్తుంది. ఏదీ కుదరనప్పుడు ఫోనును ఆపి మళ్ళీ వెలిగించడం మంచిది. మార్కాపురం పలకపై తప్పు రాసిన పిల్లవాడు ఒకసారి శుభ్రంగా తుడిచి మొదటినుంచి రాసినట్లే అది. విప్పి చూడటం వీటన్నిటి తర్వాతి మాట.

ఆ సాయంత్రం ఎనిమిది కాకముందే అవ్వ కొడుకు నంబరు నొక్కింది. రెండు గంటలు మోగేలోపే అతడు ఎత్తాడు.

"అమ్మా! కోపం పోయిందా?"

"కోపమెవరికి నాయనా? నీ మాటలన్నీ బిడ్డ చొక్కా జేబు వినింది" అన్నది అవ్వ.

అతనికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. ఉపాధ్యాయుడు విడిపోయిన ఇయర్‌బడ్‌ను డబ్బాలో దాని జత పక్కన కూర్చోబెట్టి, మూత బిగించి, ట్రంకుపెట్టెపై ఉంచి లేచి వచ్చేశాడు. వీధి మలుపు తిరిగేవరకు ఆయనకు అవ్వ గొంతు వినవస్తూనే ఉన్నది. పొలం సంగతి మాత్రం ఆ రాత్రి కూడా తేలలేదు.