తప్పు కడితే సరిపోతుందా?

మా వేంపల్లె వైపు పంచాయితీలో జరిమానా వేస్తే 'తప్పు కట్టించినారు' అంటారు. చేసిన తప్పుకీ, దానికి కట్టే డబ్బుకీ ఒకటే మాట. ఎంత కట్టాలో తేల్చేది మగవాళ్లు. ఎవరిమీద ఆ తప్పు జరిగిందో ఆ మనిషి చాలాసార్లు అరుగు దగ్గర కూడా ఉండదు. సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు ఆన్‌లైన్ ఆటలతో పనేమిటని మీరడగొచ్చు. ఆటలో ఒకరు ఇంకొకరి మీద దాడి చేస్తే ఎంత శిక్ష వేయాలన్న చర్చ చదువుతున్నంతసేపూ నాకు ఆ అరుగే కనిపించింది.

1997లో వచ్చిన 'అల్టిమా ఆన్‌లైన్' వేలమంది ఒకే లోకంలో గనులు తవ్వుకుంటూ, బట్టలు కుట్టుకుంటూ బతికే ఆట. అక్కడ ఎవరు ఎవరినైనా చంపి సంచి దోచుకోవచ్చు. దాన్ని అదుపు చేయడానికి హత్యలకు లెక్క పెట్టారు. లెక్క ఐదుకు చేరితే పేరు ఎర్రబడుతుంది, ఎర్రపేరు వాణ్ణి ఎవరైనా చంపవచ్చు. కానీ ఆటలో గంటలు గడిచేకొద్దీ ఆ లెక్క తగ్గిపోతుంది. ఊరికే కూర్చుంటే చాలు, కాలమే తప్పు కట్టేస్తుంది. పైగా ముందు చెయ్యెత్తినవాళ్లదే నేరం గనుక, కొత్తవాళ్లను రెచ్చగొట్టి ముందు దెబ్బ వాళ్లచేతే కొట్టించి, ఆ పేరున చంపేవాళ్లు తయారయ్యారు. "నువ్వేమన్నావని కొట్టాడు?" అని అడిగే ఇళ్లలో పెరిగిన మనకు ఈ కిటుకు కొత్తదేం కాదు.

2003 నాటి 'ఈవ్ ఆన్‌లైన్' ఇంకా తమాషా. భద్రత ఎక్కువున్న ప్రాంతంలో అకారణంగా దాడి చేస్తే పోలీసులు వచ్చి ఆ ఓడను పేల్చేస్తారు. అయితే వాళ్లు వచ్చేది శిక్షించడానికే, కాపాడడానికి కాదు. చౌక ఓడ ఒకటి పోగొట్టుకుని ఖరీదైన సరుకు ఓడను కూల్చడం లాభసాటి బేరం. 2011 చివరిదాకా, పోలీసులు పేల్చిన ఆ చౌక ఓడకు బీమా డబ్బు కూడా వచ్చేది! ఓడ పోయినవాళ్లకు ఇచ్చింది మాత్రం తిరిగి చంపే హక్కు. పగ తీర్చుకునే హక్కుతో ఎవరి ఇళ్లు ఖాళీ అవుతాయో కడప జిల్లాలో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

మా అక్క కూతురు రాత్రిళ్లు ఇలాంటిదే ఒక ఆట ఆడేది, మగపేరు పెట్టుకుని, మైకు మూసుకుని. ఒకరోజు మైకులో గొంతు వినపడింది. ఆ వారమంతా నలుగురు, ఆమె పాత్ర మళ్లీ పుట్టేచోటే కాచుకుని చంపారు. ఫిర్యాదు చేస్తే వాళ్లకు పాయింట్లు కోశారు. "ఒక పూట ఆడితే ఆ పాయింట్లు మళ్లీ వస్తాయి చిన్నమ్మా. నాకు మటుకు ఆ పేరే పాయె" అంది. రెండేళ్లు పెంచుకున్న పాత్ర అది.

ఎంత నష్టమైతే దాడి మానుకుంటాడన్నదే నిర్మాతల తూకం. దాడికి గురైన మనిషి పోగొట్టుకున్నది ఆ త్రాసులో పడదు. శిక్ష మరీ ఎక్కువైతే ఆట చప్పబడుతుందన్న వాదన అబద్ధమేం కాదు. అపాయం లేని లోకం మీద నాకూ ఆసక్తి లేదు. ఆ అపాయంలోకి దిగాలా వద్దా అన్నది ఎవరు నిర్ణయిస్తారన్నదే నా పేచీ.

2000లో అల్టిమా తన లోకాన్ని రెండు చేసింది. ఫెలుక్కాలో పాత పద్ధతే. ట్రామెల్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే పోరు. జనం ట్రామెల్‌కు తరలారు, పిరికివాళ్లని వెక్కిరింపులూ పడ్డారు. అంగీకారమన్నది శిక్షల లెక్కలోంచి కాక ఆట నియమంగానే రావడం చిన్న సంగతి కాదు. అయితే ఫెలుక్కా ఖాళీ కాకూడదని అక్కడ రాబడి పెంచారు. 2002లో నైపుణ్యాల హద్దు పెంచే అరుదైన పత్రాలు అక్కడే దొరికేలా పెట్టారు. భద్రత కోరుకున్నవాళ్లు వాటిని డబ్బిచ్చి కొనుక్కోవాలి. చీకటి పడకముందే ఇల్లు చేరొచ్చని బెంగుళూరు ఉద్యోగం మానేసి, ఊళ్లో బడిలో తక్కువ జీతానికి చేరిన ఆడపిల్లలు మా వీధిలోనే ముగ్గురున్నారు.