రెండో రిమోట్

వీడియో గేముల గురించి నాలాంటిది రాయడమేమిటని నవ్వకండి. యాభై అయిదేళ్ళు నిండాయి, మోకాళ్ళ నొప్పులు వచ్చాయి, మనవరాలు కూడా పుట్టింది. అయినా సరే, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఓ అరగంట ఆడకపోతే ఆ రోజు నాకు ఏదో వెలితిగానే ఉంటుంది. ఈ జబ్బు ఇవాళ్టిది కాదు లెండి.

1994లో మేము విజయవాడలో ఉమ్మడి కుటుంబంలో ఉండేవాళ్ళం. ఇంటర్ చదువుతున్న మా మరిది ఒకరోజు బీసెంట్ రోడ్డులో వీడియో గేమ్ కొనుక్కొచ్చాడు. క్యాసెట్ మీద 9999 ఆటలని రాసుంది. తీరా చూస్తే పట్టుమని పది లేవు, అవే మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి! జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫామికామ్ అనే మెషీన్‌కి అది నకలని అప్పుడు మాకెవరికీ తెలీదు. అసలుదానికి లాగే దీనికీ రెండు రిమోట్లు ఉండేవి. కాంట్రా ఆడదామంటే వాడికి జత దొరకలేదు. "వదినా, ఒక్కసారి రావా" అన్నాడు. చేతికంటిన శనగపిండి కొంగుకి తుడుచుకుని కూర్చున్నాను. అంతే, మళ్ళీ లేవలేదు.

కాంట్రాలో జలపాతం ఎక్కే ఘట్టం ఒకటి ఉంటుంది. ఒకరు తొందరపడి పైకి ఎక్కేస్తే బొమ్మ కూడా వాళ్ళతోపాటే పైకి జరిగిపోతుంది. కింద ఉండిపోయినవాళ్ళు చచ్చిపోతారు. అందుకని "ఆగు, నేనొస్తున్నా, ఆగు!" అని అరుచుకుంటూ ఆడాలి. మా అత్తయ్యగారు పూజ గదిలోంచి "ఏమిటర్రా ఆ కేకలు?" అనేవారు. కాపురానికొచ్చి ఏడాదయినా ఆ ఇంట్లో గట్టిగా మాట్లాడాలంటే భయపడేదాన్ని. నేను మొదటిసారి నోరు విప్పి అరిచింది ఆ జలపాతం దగ్గరే.

మారియో మాత్రం ఒక్కదాన్నే ఆడుకునేదాన్ని, అందరూ నిద్రపోయే వేళ సౌండు తగ్గించుకుని. ఎంతవరకు ఆడామో దాచుకునే వీలు అందులో లేదు. ఏడో లోకం దాకా చచ్చీచెడీ వెళ్ళాక కరెంటు పోయేది. మళ్ళీ మొదటినుంచీ! స్టవ్ మీద పాలు పొంగిపోయినా నాకంత ఏడుపు వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే మా అన్నయ్య దుబాయ్ నుంచి వస్తూ సెగా మెషీన్ తెచ్చాడు. దాన్లో సోనిక్ అని నీలం రంగు ముళ్ళపంది. 1991లో మారియోకి పోటీగా దించారట. దాని పరుగు చూస్తే మా అన్నయ్య పిల్లలకి సంబరం, నాకు కళ్ళు తిరగడం. పైగా మనం కాసేపు ఆగితే అది మనవైపు చూస్తూ కాలు నేలకేసి తడుతుంది! టిఫిన్ ఆలస్యమైతే అలా కాలు తట్టే మనిషి ఇంట్లో ఒకరున్నారు కదా, ఆటలో కూడానా? మారియో అలా కాదు, మనం ఆగితే తనూ ఆగుతాడు. నా ఓటు అప్పటినుంచీ మారియోకే. సెగావాళ్ళు 2001లో మెషీన్లు చేయడమే మానేశారు. 2007లో మారియో, సోనిక్ ఇద్దర్నీ కలిపి ఒలింపిక్స్ ఆట వచ్చిందని తెలిసినప్పుడు, ఏళ్ళతరబడి మాటల్లేని తోడికోడళ్ళు పెళ్ళిలో పక్కపక్కన భోజనానికి కూర్చున్నట్టు అనిపించింది.

ఇప్పుడు మేం హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఇంట్లో పార్టీలు మారాయిగానీ గొడవ అదే. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, నింటెండో పార్టీ. వస్తూ నాకోసం స్విచ్ తెచ్చిచ్చింది. మావాడు ప్లేస్టేషన్ పార్టీ. మా మరిది కొడుకు ఎక్స్‌బాక్స్. ముగ్గురూ ఫోన్లో కలిస్తే వాదన మొదలు. బొమ్మ ఎవరిది బాగుంటుంది, ఎవరిది వేగం అని. "మధ్యలో నీకేం తెలుసమ్మా" అంటాడు మావాడు. వాడు పుట్టకముందే ఏడో లోకం చూసినదాన్ని, నాకు తెలీదా!

నా అభిప్రాయం నాకుంది. ఎక్స్‌బాక్స్‌లో నెలకింత అని కడితే వందల ఆటలు ఆడుకోవచ్చు. అది పెళ్ళిలో బఫే భోజనం లాంటిది. మా మరిది కొడుకు అన్నీ ఒక్కో చెంచా వడ్డించుకుంటాడు, ఏదీ పూర్తిగా తినడు. ప్లేస్టేషన్ ఆటలు సినిమాలకేమీ తీసిపోవు. గాడ్ ఆఫ్ వార్ అని 2018లో వచ్చిన ఆట మావాడు ఆడుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. భార్య పోతే, ఆవిడ అస్థికలు అన్నిటికంటే ఎత్తయిన శిఖరం మీద కలపడానికి తండ్రీ కొడుకులు బయల్దేరతారు. దేవుళ్ళతో యుద్ధం చేసిన అంత బలశాలి, పక్కనున్న కొడుకుతో రెండు ముక్కలు తిన్నగా మాట్లాడలేడు. చాలా బాగుంది. కానీ నేను నిలబడి చూడాల్సిందేగా. ఆ పెట్టెలో వచ్చేది ఒక్క రిమోటే.

నేను మెషీన్‌ని ఎంచేది అక్కడే. మా స్విచ్‌కి అటొకటి ఇటొకటి రెండు చిన్న రిమోట్లుంటాయి. ఊడదీసి ఒకటి పక్కవాళ్ళ చేతిలో పెడితే చాలు. మారియో కార్ట్‌లో బండి దారి తప్పి పడిపోకుండా మెషీనే పట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. దాని దయవల్ల మావారు కూడా ఆడతారు, ఓడిపోయి కళ్ళజోడుని తిడతారు. బొమ్మ సంగతంటారా, ప్లేస్టేషన్ ముందు అది వెలవెలబోతుంది, నిజమే. ఐనా రెండో రిమోట్ ఇచ్చిన మెషీనే మెషీన్ అనేదాన్ని.

2025 ఫిబ్రవరిలో మావాడికి నిశ్చితార్థం చేశాం. ఏప్రిల్‌లో ఆ సంబంధం తప్పిపోయింది. కారణాలు ఇక్కడెందుకు లెండి, అవతలివాళ్ళదీ ఆడపిల్లే. వాడు మాత్రం ఆఫీసు పని గదిలోనే, భోజనం గదిలోనే. తలుపు వెనకాల ప్లేస్టేషన్ చప్పుడు. మావారు "వాణ్ణి వదిలెయ్" అనేవారు. ఎలా వదిలేస్తాం? అలాగని ఏమని అడగాలో నాకూ తెలిసేది కాదు. పెరుగన్నం కంచం పట్టుకెళ్ళడం, ఖాళీ కంచం తెచ్చుకోవడం. మేలో ఒక రాత్రి కంచం తీసుకోవడానికి వెళ్ళి, వెనక్కి రాబుద్ధి కాక, "ఒరే, దీన్లో ఇద్దరాడేది ఏదైనా ఉందా?" అన్నాను.

"నీ మారియో లేదమ్మా ఇందులో" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత లేచి బీరువాలోంచి ఒక పెట్టె తీశాడు. రెండో రిమోట్. గులాబీ రంగుది. పైన సీలు కూడా తియ్యలేదు. ఎవరికోసం కొన్నాడో నేను అడగలేదు. కూరగాయల కత్తి తెచ్చి సీలు కోసిచ్చాను.

ఇట్ టేక్స్ టూ అని 2021లో వచ్చిన ఆట పెట్టాడు. అది ఒక్కరు ఆడదామన్నా కుదరదు, ఇద్దరుండాల్సిందే. విడాకులకి సిద్ధమైన మొగుడూ పెళ్ళాం, కూతురి కన్నీళ్ళు పడి చిన్న బొమ్మలైపోతారు. మళ్ళీ మనుషులు కావాలంటే ఇద్దరూ కలిసి నడవాలి. మొదట్లో నాకు మేకులిచ్చారు, వాడికి సుత్తి. నేను గోడకి మేకు కొడితే వాడు సుత్తితో దాన్ని పట్టుకుని ఊగి అవతలికి వెళ్ళాలి. నా మేకు ఎప్పుడూ పక్కకే పోయేది. వాడు పడేవాడు. "అమ్మా, ఆ పసుప్పచ్చ దాని మీద! ఆగు, ఇంకా కొట్టకు!" అని అరిచాడు. చాలా రోజులైంది ఆ గొంతు విని. పక్క గదిలోంచి మావారు "ఏమిటర్రా ఆ కేకలు?" అన్నారు, అచ్చం అత్తయ్యగారిలాగే.

కొన్నాళ్ళకి ఒక ఏనుగు బొమ్మ ఘట్టం వచ్చింది. కూతురు ఏడిస్తే తాము మళ్ళీ మనుషులమవుతామని ఆ తల్లిదండ్రులు పిల్లకి ఇష్టమైన ఏనుగు బొమ్మని ఈడ్చుకెళ్ళి కింద పడేస్తారు. అది వద్దు వద్దని బతిమాలుతుంటే ఆ ఈడ్చేది మన చేతులతోనే. నేను రిమోట్ కింద పెట్టేశాను. ఆ ఆట తయారుచేసినవాళ్ళ మీద ఆ ఒక్క విషయంలో నాకిప్పటికీ కోపమే. "నావల్ల కాదురా" అన్నాను. వాడు నా చేతిలోది కూడా తీసుకుని, రెండూ ఒళ్ళో పెట్టుకుని ఎలాగో ముగించాడు. ఆ తర్వాత తెర వైపే చూస్తూ, "తన తప్పేం లేదమ్మా. నేనే సరిగ్గా మాట్లాడలేదు" అన్నాడు. నేను ఊ అన్నాను. ఇంకొంచెం చెప్పాడు, ఇంకొంచెం చెప్పలేదు. పాలు తోడుపెట్టడం ఆ రాత్రి పన్నెండున్నరయింది.

మొన్న అమ్మాయి ఫోన్ చేసి, "ఏంటమ్మా, పార్టీ ఫిరాయించావట?" అని దెబ్బలాడింది. స్విచ్‌లో ఆ ఆట 2022లోనే వచ్చిందని కూడా చెప్పింది. ముందే చెప్పొచ్చుగా! వాడు ఎప్పటిలాగే "మా బొమ్మే బాగుంటుంది" అని అందుకున్నాడు. ఇద్దరూ పావుగంట పోట్లాడుకున్నారు. మధ్యలో వాడు నవ్వాడు కూడా.

ఆ ఆట ఇంకా అవలేదు. మంచు ఊరి దగ్గర ఆగాం. ఇవాళ శనివారం, వాడికి సెలవు. గులాబీ రంగు రిమోట్ ఛార్జింగుకి పెట్టి, ఇడ్లీ పిండి రుబ్బుకుని, వాడు నిద్ర లేస్తాడేమోనని చూస్తున్నాను.