నాటు తివాచీ

తెలుగు పాఠం చెప్పే మనిషి ఖాళీ వేళల్లో యేం చేస్తుందంటే, పద్యాలు చదువుకుంటుందనీ, లేదా రాసుకుంటుందనీ లోకం నమ్మకం. నేను మాత్రం గోనెగుడ్డ ముందేసుకుని, దాని కన్నాల్లోంచి వున్ని పేలికలు పైకి లాగుతూ కూర్చుంటాను. ఈ మాట చెప్పగానే యెదుటివారి ముఖంలో జాలి కనిపిస్తుంది. పైగా మాది విజయనగరం. ఇక్కడి యెండల్లో వున్నితో పనేమిటని అడగనివారు లేరు.

ఇంగ్లీషులో దీన్ని రగ్ హుకింగ్ అంటారు. అందులో నాది 'ప్రిమిటివ్' రకం. నిఘంటువు చూస్తే 'ఆదిమ' అని వుంటుంది గాని, మనకి అంతకంటె చక్కని మాట వుంది: 'నాటు'. నాటుకోడి, నాటువైద్యం, నాటుతివాచీ! నోవాస్కోషియాలో వుంటున్న మా తమ్ముడి యింటికి వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు, పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను.

పని చూడ్డానికి సులువే. గోనెపట్టానో, వదులుగా నేసిన నారగుడ్డనో చట్రానికి బిగించాలి. పాత వున్నిబట్టని వేణ్ణీళ్ళలో వుతికితే నేత ముడుచుకుని దళసరి అవుతుంది. అప్పుడు కత్తిరించినా పోగులు వూడవు. దాన్ని పావు అంగుళమో, యింకాస్త యెక్కువో వెడల్పున పేలికలుగా కోసుకోవాలి. పేలికని యెడమచేత్తో గుడ్డ కింద పట్టుకుని, క్రోషియా సూదికి పిడి తగిలించినట్టుండే కొక్కేన్ని పైనుంచి దించి, వుచ్చులాగా పైకి లాగాలి. ముడి అన్నది యెక్కడా లేదు. వుచ్చులు వొకదాన్నొకటి వొరుసుకునే నిలుస్తాయి. అలాగని ప్రతి కన్నమూ నింపకూడదు. నింపితే తివాచీ పళ్ళెంలాగా వంగిపోతుంది. యెక్కడ ఖాళీ వదలాలో తెలియడమే యిందులో విద్య. ఉపన్యాసాలకీ ఆ సూత్రం వర్తిస్తుందని మా విద్యార్థులు అంటారేమో!

19వ శతాబ్దంలో అమెరికా యీశాన్యపు కొసన మెయిన్ రాష్ట్రంలోనూ, దాని చుట్టుపట్ల కెనడా తీరంలోనూ యీ పని వృద్ధిపొందింది. జాలరుల యిళ్ళు, చిన్నరైతుల యిళ్ళు. చలికాలం వస్తే నేలమీద కాలు పెట్టలేరు. తివాచీ కొనే తాహతు లేదు. అందుకని ఆడవాళ్ళు గోనెసంచీ విప్పి, చిరిగిన కోట్లూ లంగాలూ కోసి, బొగ్గుముక్కతో బొమ్మ గీసుకుని తివాచీలు చేసుకున్నారు. పాతచీరలతో బొంతలు కుట్టిన మన బామ్మల తెలివే అది. గుర్రం, ఓడ, పెంపుడు పిల్లి. బొమ్మలు గీయడం నేర్పినవారు లేరు గనక పిల్లి యింటికంటె పెద్దదిగా వుంటుంది. ఆ అందమే వేరు. 1860లు ముగిసే రోజుల్లో బిడెఫర్డ్ అనే వూళ్ళో యెడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్ అనే రేకుసామాను వర్తకుడు, రేకులో బొమ్మలు కత్తిరించి గోనెమీద అచ్చువేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1892లో న్యూఫౌండ్లాండ్ వైపు వచ్చిన డాక్టరు విల్ఫ్రెడ్ గ్రెన్‌ఫెల్ గారి మిషను, తరవాతి కాలంలో యిలాంటి చాపలు అమ్మిపెట్టి జాలరి స్త్రీల చేతికి నాలుగు డబ్బులు అందేలా చేసింది.

ఇంతకీ ఆ గోనెకి నార యెక్కడిది? మన బెంగాల్ పొలాల్లోది! నెల్లిమర్ల జూటుమిల్లు కబుర్లు వింటూ, గోగునార కట్టలు చూస్తూ పెరిగినదాన్ని. ఆ సంగతి తెలిశాక యిది పరాయి విద్య అనిపించలేదు.

నూలూ గోనే దొరికాయి. వున్ని మాత్రం యేది? మా యింట్లో వున్నది వొక్కటే, నాన్నగారి బూడిదరంగు కోటు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ట్రంకుపెట్టెలో చిమ్మెటలు దాన్ని అప్పటికే కొంత తినేశాయి. అడగడానికి నాకు నోరు రాలేదు. అమ్మే తెచ్చి వొళ్ళో పడేసింది. "పురుగులు తినేకంటె నువ్వే కొయ్యవే" అంది.

కొంత బట్టకి వుల్లిపొట్టూ పటికా వేసి పసుపురంగు యెక్కించాను. నాన్నగారు పనిచేసిన బడీ, దానిముందు మామిడిచెట్టూ వేశాను. కాయలు కిటికీలకంటె పెద్దవిగా వచ్చాయి. అంతా అయ్యాక గుమ్మంలో వెయ్యబోతే అమ్మ అడ్డుకుంది.

"మీ నాన్న భుజాలమీద వున్న గుడ్డే అది. వచ్చేవాళ్ళచేతా పోయేవాళ్ళచేతా తొక్కిస్తావా?"

తివాచీ అంటే తొక్కడానికే కదా అనడానికి నా దగ్గర ధైర్యం లేదు. గోడకి తగిలిద్దామంటే, "బతికుండగా ఆయనకి అలంకారాలు గిట్టేవా?" అంది. రెండు నెలలు చుట్టచుట్టి బీరువామీద పెట్టాను.

వొకనాడు తెల్లవారుజామున లేచేసరికి అమ్మ దేవుడి గూటిముందు దానిమీద కూర్చుని జపం చేసుకుంటోంది. నేను చూస్తున్నానని గమనించి, "కంబళికి మైల లేదు. ఆసనానికి మంచిది. మెత్తగా కూడా వుంది" అంది.

అప్పటినించి దాన్ని రోజూ తనే దులిపి, మడతపడకుండా చుట్టి పెట్టుకుంటోంది. మొన్న నేను మళ్ళీ చట్రం బిగిస్తుంటే పక్కన చేరి, "నా శాలువా కూడా నీకేనే" అంది. ఆగి, "తొందరపడకు. యీ చలికాలానికి నాకది కావాలి" అని కొంగు కప్పుకుంది.