కాఫీ మిషన్‌కి గార పట్టింది

మా ఇంట్లో కాఫీ కలిపేది నేను కాదు. రెండేళ్లుగా మావారే. ఈ మాట చెప్తే మా చెల్లెళ్లు ఇప్పటికీ నమ్మరు. పెళ్లయి ముప్ఫై ఒక్కేళ్లయినా గ్యాస్ పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో చూడని మనిషి, రిటైరైన నెలలో మా అమ్మాయి ఎస్‌ప్రెస్సో మిషన్ కొనిపెట్టేసరికి వంటింట్లోకి వచ్చేశారు.

మొదట్లో అందులో మన ఫిల్టర్ కాఫీ పొడే, చికోరీ కలిసింది, వేశారు. ముద్దలా బిగుసుకుపోయి చుక్క దిగలేదు. తర్వాత నేర్చుకున్నారు లెండి. అరకు గింజలు తెప్పించడం, 18 గ్రాములు తూచి పొడి ఆడించడం, గిన్నెలో సమంగా అదమడం, అర నిమిషంలో దానికి రెట్టింపు బరువు కాఫీ దిగిందా లేదా అని ఫోన్లో టైము చూసుకోవడం. బ్యాంకులో సాయంత్రం క్యాష్ లెక్క సరిచూసుకున్నంత శ్రద్ధ. ఆరుంపావుకల్లా కప్పు నా చేతికి వచ్చేది. పొద్దున్నే ఒకరు కాఫీ కలిపి ఇస్తే కూర్చుని తాగడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

కానీ నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి ఉక్రోషం వచ్చేది. ముప్ఫై ఒక్కేళ్లు నేను డికాక్షన్ తీస్తే ఎవరూ ఏమీ అనలేదు. ఈయన రెండు కప్పులు ఇస్తే చాలు, వచ్చిన చుట్టాలంతా "బావగారి చేతి కాఫీయే కాఫీ" అంటారు. ఆ తర్వాత పాలు నురగబెట్టే గొట్టానికి ఎండి అంటుకున్న పాలు గీకేది నేను. జల్లెడకి పట్టిన కాఫీ జిడ్డు కడిగేదీ, కింద ట్రేలో నీళ్లు పారబోసేదీ నేనే. ఆ జిడ్డు అలాగే వదిలేస్తే మక్కు వాసన కొడుతుంది, మర్నాడు కాఫీకి కూడా అదే వాసన.

ఈ మార్చిలో కాఫీ ధార సన్నబడింది. అర నిమిషంలో నిండే కప్పు నిమిషం దాటినా సగమే. రుచి కూడా పులుపెక్కింది. పుల్లగా ఉందని ఈయన పొడి ఇంకా మెత్తగా ఆడించారు, దాంతో ధార ఇంకా సన్నబడింది. మిషన్ ముందు నారింజ రంగు లైటు వెలిగితే, నీళ్లు అయిపోయాయేమోనని ట్యాంకు నింపారు.

ఏమైందో నాకు మొదటి వారంలోనే తెలిసింది.

మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్. సంపులో మంజీరా నీళ్లు కొంతే, మిగతాదంతా బోరే. కెటిల్ అడుగున నెల తిరక్కుండా తెల్లగా గార కట్టేస్తుంది. మరిగిస్తే నీళ్లు శుభ్రమవుతాయని మనం అనుకుంటాం కానీ, కరిగి కనిపించకుండా ఉన్న సున్నం బయటపడి లోహానికి అంటుకునేది ఆ వేడికే. ఈయనేమో "ఎలాగూ కాగుతాయిగా, ఫిల్టర్ నీళ్లు దండగ" అని కుళాయి నీళ్లే పోసేవారు. లోపల సన్నని గొట్టాలకి గార పడితే దారి ఇరుకవుతుంది. వేడిచేసే చోట పొర కడితే నీళ్లకి వేడి సరిగ్గా అందదు. కాఫీ పుల్లబడిందంటే అందుకే.

తెలిసీ ఎందుకు చెప్పలేదు? మెప్పు ఆయనకి, కడుగుడు నాకా, కాస్త తిప్పలు పడనీ అనుకున్నాను. అంతే. దీనికి ఇంతకన్నా మంచి కారణం లేదు.

సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే, చూడకుండానే పంపు పోయుంటుంది, 4,500 అవుతుందన్నారు. ఈయన సరేననలేదు, వద్దనలేదు. మిషన్ మీద తువ్వాలు కప్పి గోడవైపు జరిపేశారు. మర్నాడు ఆరింటికి లేవలేదు. ఏడున్నరకి లేచి బాల్కనీలో పేపర్ పట్టుకు కూర్చున్నారు. నేను డికాక్షన్ తీసి ఇచ్చాను. "బాగుందాండీ?" అంటే "ఊఁ" అన్నారు. రిటైరైన మొదటి పదిహేను రోజులూ ఇలాగే ఉన్నారు. మళ్లీ ఆ మొహం చూసేసరికి నా గుండె జారింది. నాలుగు రోజులు ఆగి, ఐదో రోజు మధ్యాహ్నం కిరాణా కొట్టు నుంచి నిమ్మ ఉప్పు తెచ్చాను.

"దాంతో ఏం చేస్తావ్?" అన్నారు.

"ముందు ఆ పుస్తకం తీయండి, చదువుదాం."

మిషన్‌తో వచ్చిన పుస్తకం తప్పకుండా చూడాలి. కొన్నిటికి లోపల అల్యూమినియం ఉంటుంది, వాటికి పులుపు పడుతుందో లేదో కంపెనీ చెప్పిందే వినాలి. మాది స్టీలే. లీటరు నీళ్లలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు పూర్తిగా కరిగించి ట్యాంకులో పోశాం. వెనిగర్ వద్దన్నాను, ఆ వాసన ఓ పట్టాన వదలదు. పొడి వేయకుండా కొన్ని నీళ్లు కాఫీ దిగే దారిలోంచి, కొన్ని పాల గొట్టంలోంచి వదిలాం. ఆపేసి ఇరవై నిమిషాలు అలాగే ఉంచి, మళ్లీ వదిలాం.

స్టీలు బేసిన్లో తెల్లటి పెచ్చులు పడ్డాయి. ఈయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు.

"ఇదంతా లోపలే ఉందా? నీకెలా తెలిసింది?"

"కెటిల్‌కి నెలనెలా చేస్తాను కదండీ."

"మరి ముందే చెప్పొచ్చుగా?"

"మీ మిషన్ కదా అని ఊరుకున్నాను. నెల రోజులైంది."

ఆయన ఏమీ అనలేదు. బేసిన్ తీసుకెళ్లి పారబోసి వచ్చారు. రెండు ట్యాంకుల మంచినీళ్లు పోసి లోపలంతా కడిగాం. ఈసారి ఫిల్టర్ నీళ్లే. మొదటి కప్పు కాఫీ సింకులోకి పోయింది. ఆ తర్వాత తడిగుడ్డ తీసి, నేను చెప్పకుండానే, పాల గొట్టం తుడిచారు. పాలు నురగబెట్టిన వెంటనే తుడిచి ఒకసారి ఆవిరి వదిలితే గీకే పనే ఉండదని అప్పుడు చెప్పాను. రెండేళ్ల క్రితమే చెప్పాల్సిన మాట.

ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో గ్యాస్ బుకింగ్ పక్కన "కాఫీ మిషన్" అని రెండు నెలలకోసారి రాసుకున్నారు, ఎర్ర పెన్నుతో.

మర్నాడు ఆరుంపావుకి కప్పు వచ్చింది. కొంచెం చేదెక్కింది. చెప్పాను.

"వేడి బాగా తగులుతోందిగా ఇప్పుడు. రేపు పొడి కాస్త బరకగా ఆడిస్తాను" అన్నారు.