మొదటి తూటా ఎవరిది?

స్కూలు భోజనాల హాలులో ఇద్దరు పిల్లలు కొట్టుకున్నారు. ముందు చెయ్యెత్తింది ఎవరో ప్రిన్సిపాల్ తేల్చాలి. సాక్షులకు కొదవ లేదు కానీ వాళ్ల మాటలకు పొంతన లేదు. ఒకరు కొట్టినవాడి స్నేహితుడు, ఒకరు ఆ మూల బల్ల దగ్గర కూర్చున్నవారు, ఇంకొకరు చూడనేలేదు, విన్నదే చెబుతున్నారు. ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి? అమెరికాలో ఎన్నో బడుల్లో చరిత్ర క్లాసు ఈ తగాదాతోనే మొదలవుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్ బృందం తయారుచేసిన ‘రీడింగ్ లైక్ ఎ హిస్టోరియన్’ పాఠాలకు ఇది ముంగిలి. రాజులు, తేదీలు ఇంకా రాలేదు. అయినా పిల్లలు అప్పటికే చరిత్రకారుల పనిలో పడిపోయి ఉంటారు.

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పే ఒక తెలుగు టీచరమ్మకు ఈ పాఠమంటే ప్రాణం. కృష్ణా జిల్లాలో కొన్నేళ్లు హైస్కూలు పిల్లలకు ఇదే సబ్జెక్టు చెప్పి, భర్త ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చి, మళ్లీ చదివి ఇక్కడి టీచర్ అర్హత సంపాదించుకున్న మనిషి ఆమె. అక్కడ పబ్లిక్ పరీక్ష, క్వశ్చన్ బ్యాంకు, మ్యాప్ పాయింటింగ్ మధ్య సంవత్సరం గడిచిపోయేది. పిల్లలు జవాబులు అప్పజెప్పేవారు గానీ, ఆ జవాబు ఎలా తెలిసిందని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఇక్కడ ఆమె క్లాసు మొత్తం ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

తగాదా తేలాక పిల్లల ముందుకు వచ్చేది లెక్సింగ్టన్. 1775 ఏప్రిల్ 19 తెల్లవారుజామున ఆ ఊరి పచ్చికలో బ్రిటిష్ సైనికులు, స్థానిక దళం ఎదురెదురయ్యారు. కాల్పుల్లో ఊరివాళ్లు ఎనిమిది మంది చనిపోయారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అక్కడ మొదలైంది. మొదటి తూటా ఎవరిది? బ్రిటిష్ లెఫ్టినెంట్ జాన్ బార్కర్ డైరీ ప్రకారం తుపాకీ ముందు పేలింది ఊరివాళ్ల వైపు నుంచి. ఆరు రోజుల తర్వాత 34 మంది స్థానికులు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం మాత్రం సైనికులే కాల్చారంటుంది. రెండు కాగితాలూ బల్ల మీద పెట్టి ఆమె పక్కకు జరుగుతుంది. డైరీ ఎవరి కోసం రాసుకుంటారు? వాంగ్మూలం ఎవరు చదవాలని ఇస్తారు? 34 మంది ఒకే మాట చెబితే బలం పెరిగినట్టా, ముందే కూడబలుక్కున్నట్టా?

తర్వాత రెండు బొమ్మలు. అదే ఏడాది ఏమస్ డూలిటిల్ చెక్కిన చిత్రంలో ఊరి జనం చెల్లాచెదురై పోతుంటారు. 1886లో హెన్రీ శాండమ్ వేసిన వర్ణచిత్రంలో వాళ్లే గట్టిగా నిలబడి తుపాకులు ఎక్కుపెట్టి ఉంటారు. నూటపదకొండేళ్లలో పారిపోయినవాళ్లు వీరులయ్యారు. పుస్తకంలో ఏ అధ్యాయమూ నేర్పలేని విషయాన్ని పదమూడేళ్ల పిల్లలు ఆ రెండు బొమ్మలు చూసి తమంతట తామే పట్టుకుంటారు. ఒక దేశం తనను తాను ఎలా గుర్తుపెట్టుకోవాలనుకుంటుందో అందులో ఉంది.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు టీచర్లను కలిసే రోజున లెక్కల టీచర్ ముందు బారులు తీరుతారు. సోషల్ దగ్గర రెండు నిమిషాలు నిలబడి, మార్కులు బాగానే ఉన్నాయి కదా అని వెళ్లిపోతారు. ఈ టీచరమ్మకు అది నిజంగా బాధ కలిగిస్తుంది. ఆ తల్లిదండ్రులు ఈ దేశంలో ఇల్లు కొనుక్కుని, ఓటు వేసి బతకగలగడం వెనుక ఉన్న కథ ఆ సోషల్ పుస్తకంలోదే మరి.

అందుకే ఏటా ఆమె క్లాసులో కోర్టు వెలుస్తుంది. కేసు భగత్ సింగ్ థిండ్‌ది. అమృత్‌సర్ ప్రాంతం నుంచి వచ్చిన సిక్కు యువకుడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. 1790 నాటి చట్టం ప్రకారం బయటివాళ్లలో ‘స్వేచ్ఛగల శ్వేతజాతీయులకే’ పౌరసత్వం. 1870లో ఆఫ్రికా మూలాలున్నవాళ్లనూ చేర్చారు. మధ్యలో ఆసియావాళ్లు మిగిలిపోయారు. 1922 నవంబరులో జపాన్‌కు చెందిన టకావో ఒజావా కేసులో సుప్రీం కోర్టు, శ్వేతజాతి అంటే కాకేసియన్ జాతి అని తేల్చింది. అప్పటి మానవశాస్త్రం ఉత్తర భారతీయులను కాకేసియన్లలోనే కలిపింది కాబట్టి థిండ్ గెలవాలి. మూడు నెలలకే, 1923 ఫిబ్రవరి 19న, అదే కోర్టు శాస్త్రాన్ని పక్కనపెట్టి సామాన్యుడి దృష్టిలో తెల్లవాడు ఎవరో చూడాలంటూ థిండ్‌కు పౌరసత్వం దక్కదంది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్.

క్లాసులో కొందరు థిండ్ తరఫు లాయర్లు, కొందరు ప్రభుత్వం తరఫు, మిగతావాళ్లు న్యాయమూర్తులు. తయారీకి వారం పడుతుంది. భారతీయ కుటుంబాల పిల్లలు ఆవేశంగా థిండ్ వైపు చేరతారు. అప్పుడు ఆమె అసలు వాదనను వాళ్ల చేతికిస్తుంది. తాను ఉన్నత కులంవాడినని, ఆ రక్తంలో కల్తీ లేదని థిండ్ పక్షం వాదించింది. చట్టం అన్యాయమని ఆ వాదన అనలేదు, తనను గీతకు అవతలి వైపు చేర్చమంది. క్లాసు కాసేపు నిశ్శబ్దమైపోతుంది. మనవాడే అయినా ఆ వాదన సరైనదేనా అని ఒకరైనా అడుగుతారు. ఆ ప్రశ్నను ఆమె తొక్కిపెట్టదు. కులం మాట అమెరికా క్లాసులో ఎందుకని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. అది కోర్టు రికార్డులోనే ఉంది, దాచి చెప్పేది చరిత్ర పాఠం కాదని ఆమె నమ్మకం. ఈ విషయంలో ఆమెదే సరైన దారి.

తీర్పు తర్వాత పదుల సంఖ్యలో భారతీయుల పౌరసత్వాలు రద్దయ్యాయి. 1915లో భార్య కళతో, ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో దిగి దుకాణం నడుపుకున్న వైష్ణో దాస్ బగాయ్ వారిలో ఒకరు. ఆస్తి పోయింది, పాస్‌పోర్టు నిరాకరించారు, 1928లో ప్రాణం తీసుకున్నారు. ఆయన ఆఖరి లేఖ నాటి పత్రికలో అచ్చయింది కానీ ఈ వయసు పిల్లలకు ఆమె దాన్ని ఇవ్వదు. బదులుగా కళ కథ చెబుతుంది. ఆ కుటుంబం బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళితే, లోపలికి రానివ్వకుండా ఇరుగుపొరుగు తాళాలు వేశారు. ఇప్పుడు బర్కిలీ నడిబొడ్డున ఒక వీధికి కళ పేరుంది.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఆ చట్టాల నీడలో బతికినవారే. 1920ల మొదట్లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో, తర్వాత లెడర్లే ప్రయోగశాలల్లో పనిచేశారు. భారతీయులకు పౌరసత్వానికి దారి తెరిచి, ఏడాదికి వందమంది వలసకు అనుమతిచ్చిన లూస్-సెల్లర్ చట్టం 1946లో గానీ రాలేదు. 1948లో కన్నుమూసేనాటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు. తెలుగు పిల్లలు ఆయన పేరును సైన్స్ పుస్తకం వైపు నుంచి వింటారు, ఈ వైపు నుంచి వినడం తక్కువ.

నటన పేరుతో ఏదైనా చేయించవచ్చని ఆమె అనుకోదు. పిల్లలను బానిసలుగా నిలబెట్టి వేలంపాట ఆడించిన క్లాసుల గురించి అమెరికా పత్రికల్లో వార్తలు వస్తుంటాయి. ఉత్సాహం కోసం ఒక బిడ్డ ముత్తాతల నొప్పిని మిగతావాళ్లకు ఆట చేయడం తగదు. కోర్టు, శాసనసభ, సంధి చర్చ నటించదగ్గవి. హింసకు గురైనవాళ్ల బతుకును వాళ్ల కాగితాల్లోనే చదవాలి.

ఇళ్ల కథ వచ్చినప్పుడు పటాలు తీస్తారు. 1930ల్లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ నగరాలను వాడలుగా విడగొట్టి అప్పు ఇవ్వదగ్గవాటికి ఆకుపచ్చ, ప్రమాదమన్నవాటికి ఎరుపు రంగు వేసింది. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వాటిని అందరికీ అందుబాటులో పెట్టింది. ఫ్రీమాంట్ వాటిలో ఉండదు, ఐదు చిన్న ఊళ్లు కలిసి 1956లో పుట్టిన నగరం అది. అందుకని పిల్లలు పక్కనున్న ఓక్లాండ్, బర్కిలీ పటాలు తెరిచి, అప్పటి ఎర్ర వాడల మీద నేటి చెట్లను, పార్కులను, రహదారులను పోల్చి చూస్తారు.

అయితే పిల్లలను అన్నిటికన్నా కదిలించేది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసే పని. ఆరు నెలలు ఉండి వెళ్లడానికి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు ఒక్కసారిగా ముఖ్య సాక్షులైపోతారు. అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన ఒక తాతయ్య 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి మనవరాలికి చెప్పాడు. ఆ అమ్మాయి క్లాసులో నేర్చుకున్నట్టే అడిగింది: “తాతయ్యా, ఇది నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?” ఆయన కాసేపు ఆలోచించి, “నీళ్లు చూశానమ్మా. సొర్లగొంది ఊరి సంగతి మాత్రం తర్వాత విన్నదే” అన్నాడు. చూసినది ఒక రంగు సిరాతో, విన్నది ఇంకో రంగుతో రాసుకుని, ఆనాటి పత్రికల్లో మృతుల సంఖ్య రోజురోజుకూ ఎలా మారిందో పక్కన అతికించింది.

ఇదంతా డబ్బున్న దేశపు బడులకే చెల్లుతుందని సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పాత సహోద్యోగులు అంటారు. ఆమె వాళ్లకు కైఫీయత్తులు చూపిస్తుంది. కంపెనీ కాలపు సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్లతో పనిచేసినవాళ్లు ఊరూరా తిరిగి సేకరించిన గ్రామ చరిత్రలవి. కడప జిల్లావి లాంటివి కొన్ని అచ్చయ్యాయి కూడా. ఊరు ఎలా పుట్టింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఏ మాన్యం ఉందన్నవి అందులో ఉంటాయి. చాలావరకు చెప్పింది ఊరి కరణాలు. కరణానికి తన మిరాశీ నిలబడాలన్న అవసరం ఉంటుంది కదా, అతని మాట ఎంతవరకు నమ్మాలి? చెరువు దగ్గరి శాసనం ఏమంటోంది? కరణం పేరెత్తని వాడల పెద్దలు ఏం చెబుతారు? ఒక జెరాక్సు కాగితం, ఊరి చెరువు దాకా నడక, తొమ్మిదో తరగతి పిల్లలు చాలు. ఈ వేసవిలో వెళ్లినప్పుడు తన పాత బడిలోనే వారం రోజులు ఆ పాఠం చెప్పడానికి ఆమె హెడ్మాస్టారితో మాట్లాడుకుని ఉంది.