కేతిగాని వంటి వీరులు

మహావీరులను గూర్చి వ్రాయువారు పెక్కుమంది కలరు. వారి విగ్రహములు కూడళ్ళలో నిలుచును; వారి పేర్లు పాఠ్యపుస్తకములలో చేరును. మహావీరులు కాకపోయినను మన మనస్సులను గెలుచుకొనిన వారిని గూర్చి వ్రాయువారు అరుదు. ఈ సంచికకు ఏదైన వ్రాసి యిమ్మని సంఘమువారు అడిగినపుడు, అట్టి కొందరు ముష్టియోధులను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి. పదవీ విరమణ చేసిన పావగడ గుమాస్తాకు అమెరికా బాక్సింగుతో ఏమి పని యని పాఠకులు నవ్వవచ్చును. నవ్వినను మాకు సమ్మతమే. మేము చెప్పబోవునదియు నవ్వుతోనే మొదలగును.

మన తాలూకా కర్ణాటకములో నున్నను దానికి మూడు వైపుల ఆంధ్రదేశమే. జిల్లా కేంద్రమగు తుమకూరునకు పోవలెనన్నను మడకశిర వైపు ఆంధ్ర నేలను దాటి పోవుచుందుము. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము, సంతలో రెండును మాటలాడుచు పెరిగిన వారము. ఇట్టి సరిహద్దు సీమలో తోలుబొమ్మలాట ఎరుగని పెద్దలుండరు. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట ఆ కళకు పేరెన్నికగన్న ఊరు. అచటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. తెరమీద రాముడు వచ్చును, రావణుడు వచ్చును. పెద్దలు చేతులు జోడింతురు, పిల్లలు కునుకు తీయుదురు. అంతలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వత్తురు. నిద్రపోవు పిల్లలెల్ల లేచి కూర్చుందురు. కన్నడ నాట ఇట్టి హాస్యగాని పేరు కిళ్ళేక్యాత. కేతిగాడు ఏ రాజ్యమును గెలువడు. దెబ్బలు తినును, పడును, లేచును, మరల తినును. అయినను మరునాడు పల్లెలో పిల్లలు అనుకరించునది రాముని మాటలను కాదు, కేతిగాని మాటలనే.

ముష్టియుద్ధమునందును రాముడు, కేతిగాడు ఉందురని మాకు తెలియుటకు కొంత కాలము పట్టినది. మేము మొదట ఎరిగినది రామునే, అనగా మహమ్మదాలీని. 1980లో ఆయన మద్రాసునకు వచ్చి నెహ్రూ స్టేడియమున ప్రదర్శన పోటీ చేసినపుడు మాకు ఇరువది యేండ్ల ప్రాయము. పోవుటకు చేత డబ్బు లేక పత్రికలలో చదివి తృప్తిపడితిమి. ఆనాడు ఆలీకి ఎదురుగా నిలిచినవాడు జిమ్మీ ఎల్లిస్. ఆలీ పుట్టిన లూయిస్‌విల్ నగరమువాడే. ఆయనతో కలిసి సాధన చేసినవాడే. 1968లో ప్రపంచ బాక్సింగు సంఘమువారి హెవీవెయిట్ బిరుదమును గెలిచెను. 1970లో జో ఫ్రేజియర్ చేతను, 1971లో ఆలీ చేతను ఓడిపోయెను. ఆ ప్రదర్శనమును చూచి వచ్చినవారిని మేము తరువాత అడిగితిమి. ఆలీ నడక, ఆలీ నవ్వు, ఆలీ చేతి వేగము వర్ణించి చెప్పిరి. రెండవవాని పేరడిగినచో, “ఎవరో ఆ యెదుటివాడు” అనిరి. ఈ వ్యాసము అట్టి యెదుటివారిని గూర్చినది.

కేబుల్ టీవీ మన ఊళ్ళకు వచ్చిన పిమ్మట ముష్టియుద్ధములు చూచు అలవాటు మాకు అబ్బినది. ఇప్పుడు మనుమల సెల్‌ఫోనులో పాత పోటీలన్నియు దొరకుచున్నవి. వానిలో మేము మరల మరల చూచునవి గొప్పవారి విజయములు కావు.

ఎమ్మాన్యుయెల్ ఆగస్టస్ అను అమెరికా యోధుడు కలడు. 78 పోటీలలో 38 గెలిచి, 34 ఓడి, 6 సమముగా ముగించెను. లెక్కలు చూచు గుమాస్తాకు ఇది ఏమాత్రము మెప్పుదల కలిగింపని పద్దు. కాని అతడు బరిలో దిగినప్పుడు చూడవలెను! దారములు కట్టిన బొమ్మవలె చేతులు వ్రేలాడవైచి, మోకాళ్ళు వదులుచేసి, ఎవరో పైనుండి ఆడించుచున్నట్లు ఆడుచు, ఆ ఆటలోనుండియే గుద్దు విసరును. మాకు వెంటనే కేతిగాడు స్ఫురించెను. నవ్వించువాడైనను పిరికివాడు కాడు. 2000 సంవత్సరమున ఫ్లాయిడ్ మేవెదర్‌ను ఎదిర్చి తొమ్మిదవ రౌండువరకు నిలిచి ఓడెను. వృత్తి పోటీలలో ఓటమి నెరుగని ఆ మేవెదరే తన్ను మిక్కిలి శ్రమపెట్టినవారిలో ఇతనిని తరువాత పేర్కొనెను. 2001లో మిక్కీ వార్డ్‌తో ఇతడు చేసిన పోటీని ‘రింగ్’ పత్రిక ఆ సంవత్సరపు ఉత్తమ పోటీగా ఎన్నుకొనినది. అందును ఓడినవాడు ఇతడే.

చక్ వెప్నర్ మరియొకడు. మద్యము అమ్ముచు, సాయంకాలములందు సాధన చేయుచు జీవించినవాడు. చర్మము మెత్తన, తాకిన చోటనెల్ల తెగును. అందుచే అతనికి ‘బేయోన్ బ్లీడర్’ అని, అనగా బేయోన్ ఊరి నెత్తుటి మనిషియని పేరు వచ్చెను. 1975 మార్చి 24న ఆలీతో తలపడి, తొమ్మిదవ రౌండున ఆలీని నేలమీద కూర్చుండబెట్టెను. కాలు త్రొక్కుటచే పడితినని ఆలీ వాదించెను. పదునైదవ రౌండు ముగియుటకు 19 సెకండ్లు మిగిలియుండగా రెఫరీ పోటీని ఆపెను. ఆ పోటీని చూచి సిల్వెస్టర్ స్టాలోన్ వ్రాసిన కథయే 1976లో ‘రాకీ’ చిత్రమై ఆస్కారు పొందినది. ఆ కథకు మూలమైన వెప్నర్ తన పాలు కోరుచు 2003లో దావా వేయగా, 2006లో రాజీ కుదిరినది. కథకు కాసులు రాలినవి. కథకు నెత్తురిచ్చినవాడు ముప్పది యేండ్లు వేచియుండవలసి వచ్చెను.

జార్జి షువాలో కెనడావాడు; తల్లిదండ్రులు బోస్నియా-హెర్జెగోవినా నుండి వలస వచ్చి టొరంటోలో స్థిరపడినవారు. 1966 మార్చి 29న ఆ నగరముననే ఆలీతో పదునైదు రౌండ్లు పోరాడి ఓడెను. 93 పోటీలు చేసియు ఒక్కమారైనను నేలకు పడలేదు. ప్రపంచ బిరుదము మాత్రము దక్కలేదు. బరిలో పడనివానిని సంసారము పడగొట్ట జూచినది. మాదకద్రవ్యముల పాలబడిన ముగ్గురు కుమారులు ఒకరి తరువాత నొకరు పోయిరి. భార్యయు ఆత్మహత్య చేసికొనెను. అతడు మరల నిలిచి, బడి బడికి తిరిగి, ఆ మత్తుజోలికి పోవలదని పిల్లలకు చెప్పుచు వచ్చెను. ఏ బిరుదమునకును ఇంతకన్న బరువుండదని మా యెరుక.

ఇంతవరకు నవ్వుచు చెప్పితిమి. ఇక జెర్రీ క్వారీని గూర్చి చెప్పునపుడు నవ్వు రాదు. ఇతడు గుద్దులకు వెనుదీయనివాడు. అందుచేతనే జనులకు ప్రియుడు. 1970లోను, 1972లోను ఆలీ చేత ఓడెను. ప్రపంచ బిరుదమునకై పోరాడినప్పుడెల్ల ఓటమియే. 1992లో నలువది యేడేండ్ల వయస్సున మరల బరిలోనికి దిగెను. దెబ్బలచే మెదడు చెడి, తుదకు బట్టలు తొడుగుకొనుటకును, అన్నము తినుటకును ఒకరి సాయము కావలసి వచ్చెను. 1999 జనవరిలో, 53వ యేట మరణించెను. తలకు పదేపదే తగులు దెబ్బలు మెదడును చెరచునని హారిసన్ మార్ట్‌లాండ్ అను వైద్యుడు 1928లోనే వ్రాసియుండెను. అనగా, క్వారీ పుట్టుటకు ముందే లోకమునకు ఈ సంగతి తెలియును.

కేతిగానికిని ఈ యోధులకును గల భేదము ఇచటనే యున్నది. కేతిగాని చర్మము తోలు. ఆట ముగియగానే మడిచి పెట్టెలో పెట్టుదురు. మరునాటి రాత్రి అతడు క్రొత్తవాడే. ముష్టియోధుని తల తోలు కాదు. గొప్పవాడు దెబ్బను తప్పించుకొనును. గొప్పవాడు కానివాడు దెబ్బ తిని నిలుచును. మనము చప్పట్లు కొట్టునది అతడు నిలిచినందుకే. చప్పట్లు మ్రోగుచున్నంత కాలము అతడు ఇంటికి పోడు.

“వారు డబ్బు పుచ్చుకొనిరి గదా, ఇష్టపడియే దిగిరి గదా” యని కొందరందురు. నిజమే. మేమును నెల జీతము పుచ్చుకొని పని చేసినవారమే. జీతము ముట్టినంతమాత్రమున పనివాని నడుమునొప్పి పోదు. చూచి ఆనందించినవాడు టిక్కెట్టు డబ్బుతో ఋణము తీరినదని తలచుట తగదు. అభిమానమునకు రెండు పనులున్నవి: ఆడుచున్నపుడు మెచ్చుకొనుట, చాలించవలసినపుడు చాలింపుమని చెప్పుట. మొదటిది అందరును చేయుదురు.

రెండవ దానికి ఒక మంచి యుదాహరణము కలదు. మిక్కీ వార్డ్, ఆర్టూరో గాటి అనువారు 2002లో రెండుమారులు, 2003లో ఒకమారు తలపడిరి. మొదటి పోటీ వార్డ్‌ది, తక్కిన రెండును గాటివి. ఒకరి నొకరు అంతగా కొట్టుకొనినవారు ప్రాణస్నేహితులైరి. మూడవ పోటీతో వార్డ్ చేతి తొడుగులు విప్పివేసెను. 2007లో గాటి చివరి పోటీకి శిక్షకుడై అతని మూలన నిలిచినవాడు ఆ వార్డే. పాత శత్రువునకు తువాలు పట్టుకొని నిలుచుటకన్న గొప్పతనము మేమెరుగము.

మన తాలూకా పల్లెలలో కురుక్షేత్ర నాటకమాడు వారిని చూడుడు. పగలెల్ల వేరుసెనగ చేనిలో పనిచేసి, రాత్రి కిరీటము పెట్టి, గొంతు చీలిపోవునట్లు పద్యము చదువుదురు. వారెవ్వరును రాజధానిలో పేరు పొందరు. కాని తెలుగు పద్యము ఈ కన్నడ సీమలో మన పిల్లల చెవిని పడుచున్నదన్న, అది వారి చలువయే. తరువాతి జాతరకు వారిని పిలుచునపుడు, ఇంకొక పద్యము పాడుమని “వన్స్ మోర్” కేకలు వేయుటకు ముందు, గొంతు ఎట్లున్నదని అడుగుదము. పాడలేని నాడును ముందు వరుసలో కుర్చీ వేసి పేరు పెట్టి పిలుతము. “ఎవరో ఆ యెదుటివాడు” అని మాత్రము అనకుందము.